త్రిపురనేని గోపీచందుగారి జీవితము

మన సంఘ వార్షిక మహాసభా సంచికయందు మన కులమున జన్మించి దేశమునకు పేరు తెచ్చిన పెద్దల చరిత్రములను ప్రకటించుట ఆచారమై యున్నది. భూరిదానములచే విద్యాలయములను నిలిపినవారు, శాసనసభలయందు రైతు పక్షమున వాదించినవారు, వసతిగృహములు కట్టించినవారు - వీరి చరిత్రలు వ్రాయుట కొంత సులభము. ఇచ్చిన యెకరములను, కట్టించిన గదులను లెక్కించి చెప్పిన సగము వ్యాసము పూర్తియగును. ఈ యేట గోపీచందుగారిని గూర్చి వ్రాయుటకు పూనుకొన్నపుడు మాకట్టి సౌకర్యము లేకపోయెను. ఆయన విడిచిపోయిన యాస్తి యంతయు పుస్తకములే. ఆ పుస్తకములలో ముఖ్యమైనది, మన యిండ్లలో మిక్కిలి గౌరవముతో కాపాడుకొను వంశప్రతిష్ఠ యనుదానిని బయటపెట్టి పరీక్షించిన గ్రంథము.

ఇంకొక చిక్కు కూడ గలదు. ఆయన తండ్రిగారగు కవిరాజు రామస్వామిచౌదరిగారిని మన సభలు ఏకకంఠముతో కొనియాడును. కుమారుని ప్రసంగము వచ్చునప్పటికి పెద్దలలో కొందరు కొంచెము వెనుకాడుదురు. తండ్రి చూపిన హేతువాద మార్గమును విడిచి కుమారుడు అరవిందుల యోగమార్గమునకు పోయెనని వారి మనస్తాపము. ఈ మనస్తాపము న్యాయమైనదో కాదో తేల్చుకొనవలెనన్న ఆయన జీవితమును మొదటినుండియు చూడవలసియున్నది.

గోపీచందుగారు 1910 సంవత్సరము సెప్టెంబరు 8వ తేదీన కృష్ణామండలమున గుడివాడకు చేరువనున్న అంగలూరు గ్రామమున రామస్వామిచౌదరి, పున్నమ్మ దంపతులకు జన్మించిరి. అది వ్యవసాయ కుటుంబము. కాలువనీరు పారి నాలుగు గింజలు మిగులుట మొదలిడిన పిమ్మట డెల్టా గ్రామములలోని రైతులకు బిడ్డలను ఇంగ్లీషు బడికి పంపవలెనను పట్టుదల హెచ్చుచుండిన కాలమది. ఆ పట్టుదలకు రామస్వామిచౌదరిగారే గొప్ప యుదాహరణము. కుమారుడు పసివాడై యుండగనే, 1914లో, ఆయన న్యాయశాస్త్రము చదువుటకై సముద్రములు దాటి ఐర్లండులోని డబ్లిన్ నగరమునకు పోయిరి. 1917లో స్వదేశమునకు మరలివచ్చి న్యాయవాదవృత్తి నవలంబించిరి. తరువాత ఆయన నివాసము తెనాలి యయ్యెను. అచ్చట ఆయన తమ యింటికి సూతాశ్రమమని పేరుపెట్టుకొనిరి.

ఆ యిల్లెట్టిదో మన పాఠకులలో పలువురు పెద్దలవలన విని యుందురు. సూతపురాణము, శంబుకవధ, కురుక్షేత్రసంగ్రామము, ఖూనీ మొదలగు రచనలచే రామస్వామిచౌదరిగారు పురాణకథలను తలక్రిందులు చేసి చూపిరి. పురోహితుని యవసరము లేకుండ తెలుగు మాటలతో పెండ్లి జరుపుకొనుటకు వివాహవిధి యను పుస్తకము కూర్చి, తామే పెక్కు వివాహములు జరిపించిరి. తెనాలి పురపాలక సంఘాధ్యక్షులుగా నుండి గంగానమ్మ జాతరయందలి జంతుబలిని మాన్పించిరి. రామాయణ భారతములను నమ్మువారు, నమ్మనివారు, కవులు, వకీళ్ళు ఆ యింటికి వచ్చి వాదములాడుచుండిరి. ఇతర గృహములలో పిల్లవాడు ఎందుకని యడిగినచో పెద్దలు గద్దించి కూర్చుండబెట్టుదురు. ఈ యింట అడుగకుండుటయే తప్పు. ఇది యెంతటి భాగ్యమో అంతటి భారమని మేము తలంచుచున్నాము. అన్నిటిని ప్రశ్నించు తండ్రికి కుమారుడైనవాడు ఏనాటికో ఒకనాటికి ఆ తండ్రిని కూడ ప్రశ్నింపక తప్పదు గదా.

1932లో గోపీచందుగారు శకుంతలాదేవిగారిని వివాహమాడిరి. ఆ మరుసటి యేట బి.ఏ. పట్టమును పొందిరి. పిమ్మట న్యాయశాస్త్రము కూడ చదివి, తండ్రిగారివలెనే నల్లకోటు ధరించి కొంతకాలము వృత్తి సాగించిరి. ఆ వృత్తి ఆయనకు సరిపడలేదు. ఒక పక్షమును పూర్తిగా నమ్మినట్లు వాదించుట వకీలునకు మొదటి లక్షణము; ఈయన స్వభావము ప్రతిపక్షము మాటయందలి నిజమును గూడ వెదకునది. ఆ రోజులలోనే మార్క్సు సిద్ధాంతములు ఆయనను ఆకర్షించెను. కాని ఆ మార్గమునందలి నిర్బంధము నచ్చక, ఎం.ఎన్. రాయ్‌గారి నవ్య మానవవాదమువైపు మొగ్గిరి. రాయ్‌గారు స్థాపించిన రాడికల్ డెమొక్రటిక్ పార్టీకి ఆంధ్రశాఖ కార్యదర్శిగా గూడ పనిచేసిరి. ఆ కాలమున తెనాలి ప్రాంతము రాయ్‌గారి యనుయాయులకు పట్టుగొమ్మయై యుండెను. రాజకీయోపన్యాసకుడుగా ఆయనకు పెద్ద పేరు రాలేదు. ఈ కాలమంతయు కథలు మాత్రము వ్రాయుచునే యుండిరి.

చలనచిత్ర రంగమునందు ఆయన ప్రవేశము 1939లో జరిగినది. దీనిని గూర్చి కొంచెము విస్తరించి చెప్పవలెను. ఏలన, రచయితగా ఆయన నిర్మాణమున ఈ భాగమును మన వ్యాసకర్తలు తరచు విడిచిపెట్టుచున్నారు. గూడవల్లి రామబ్రహ్మముగారు సారథి ఫిలిమ్స్ పక్షమున 1938లో మాలపిల్ల చిత్రమును తీసి, అస్పృశ్యతా సమస్యను తెలుగు తెరమీదకు తెచ్చి సంచలనము కలిగించిరి. మరుసటి యేట వారు రైతుబిడ్డ చిత్రమును పూనుకొన్నపుడు దాని రచనలో గోపీచందుగారు పాలుపంచుకొనిరి. కథ జమీందారీ గ్రామమునకు సంబంధించినది. ఎన్నికలలో జమీందారు చెప్పినవారికి ఓటు వేయనొల్లని రైతును ఠాణేదారులు, అప్పులవారు పెట్టు హింస అందలి ముఖ్యవిషయము. బళ్ళారి రాఘవాచార్యులవారంతటి మహానటులు రైతు పాత్రను ధరించిరి. తరువాతి కాలమున పల్లెపదమునకు పేరుపొందిన కొసరాజు రాఘవయ్యచౌదరిగారు సినిమాకు పాటలు వ్రాయుటకు అదియే ప్రారంభము.

ఆ రోజుల స్థితిని పాఠకులు జ్ఞప్తికి తెచ్చుకొనవలెను. మద్రాసు రాజధానిలో తొలి కాంగ్రెసు మంత్రివర్గమున టంగుటూరి ప్రకాశం పంతులుగారు రెవిన్యూ మంత్రులు. వారి యాధ్వర్యమున జమీందారీ విచారణ సంఘము గ్రామగ్రామమునందును రైతుల గోడు విన్నది. ఆ వేడి చల్లారకముందే ఈ చిత్రము వచ్చినది. జమీందారులు కొందరు దీనిపై కత్తిగట్టిరి. కొన్ని తావుల ప్రదర్శనమును నిలిపివేయించిరి. ఇందొక విశేషము గలదు. ఈ చిత్రమును తీసిన సారథి సంస్థకు అండగా నిలిచినవారు చల్లపల్లి జమీందారులగు యార్లగడ్డ శివరామప్రసాదుగారు. జమీందారుగారి యండతో జమీందారీపై చిత్రము! ఎస్టేటుల రద్దు శాసనము 1948లో గాని రాలేదు. తొమ్మిదేండ్ల ముందుగా ఆ మాటను వేలమంది నిరక్షరాస్యులైన రైతుల యెదుట చెప్పినవారిలో గోపీచందుగారొకరు. పుస్తకము చదువువాని కొరకు వ్రాయుట వేరు, నేలమీద కూర్చుండి తెర చూచువాని కొరకు వ్రాయుట వేరు. అక్కడ మాట చిన్నదిగా నుండవలెను, పాత్ర నోటనుండి సహజముగా రావలెను. ఆయన నవలలయందు సంభాషణము నడుచు తీరు చూచినవారికి ఈ శిక్షణ యెచ్చట లభించినదో వేరుగ చెప్పనక్కరలేదు.

1946లో సారథివారి గృహప్రవేశమునకు ఆయన కథ, మాటలు సమకూర్చిరి. ఎల్.వి. ప్రసాదుగారు దర్శకత్వము వహించి భానుమతిగారితో కలిసి తామే నాయకపాత్రయు ధరించిరి. ప్రసాదుగారికి దర్శకులుగా తొలి విజయము తెచ్చిన ఆ సాంఘిక చిత్రమునందు గోపీచందుగారి హాస్యము కనబడును. గంభీర తత్త్వచర్చలు చేయువారు నవ్వింపలేరని యనుకొనువారు ఆ చిత్రమును చూడవలెను. రామబ్రహ్మముగారు ఆ సంవత్సరమే కాలధర్మము నొందిరి.

ఇంతకుముందే, 1943 జనవరిలో, రామస్వామిచౌదరిగారు పరలోకగతులైరి. ఆ పిమ్మట రెండు మూడేండ్లకు, 1945-46 ప్రాంతమున, అసమర్థుని జీవయాత్ర వెలువడెను. తెలుగున మనోవైజ్ఞానిక నవలలకు ఇదియే మొదటిదని విమర్శకులు చెప్పుచున్నారు. గోపీచందుగారు దానిని తండ్రిగారికి అంకితమిచ్చుచు, ఎందుకని యడుగుట తనకు నేర్పినందులకని కారణమును గూడ తెలిపిరి. ఆస్తి యిచ్చినందుకు గాదు, పేరు నిచ్చినందుకు గాదు.

కథానాయకుడు సీతారామారావు. కలవారి బిడ్డ. తండ్రి మరణశయ్యపైనుండి వంశప్రతిష్ఠను నిలుపుమని చెప్పిపోవును. ఆ మాటను పట్టుకొని అతడు అడిగినవానికెల్ల లేదనకుండ ఇచ్చుచు, ఎవరెంత వారించినను వినక, పూర్వుల యాస్తినంతయు హారతి కర్పూరము చేయును. ప్రేమించి పెండ్లాడిన యిందిర యింటనున్నది, బిడ్డ యున్నది. డబ్బు పోయిన పిమ్మట లోకము ముఖము త్రిప్పుకొనును. అంతవరకు మన పల్లెలలో పదిమంది కథయే. గోపీచందుగారు అచ్చట ఆగలేదు. సీతారామారావు మనస్సులోనికి దిగిరి. తాను గొప్పవాడనని ఒకమూల, ఎందులకును కొరగానివాడనని మరొకమూల, ఆ రెండింటికి నడుమ తనతో తాను చేయు వాదములు, తన తప్పునకు లోకమునంతను బాధ్యురాలిని చేయుట, భార్యను మాటలతో హింసించి మరుక్షణమున తన్ను తాను నిందించుకొనుట - ఇవన్నియు పుటలకు పుటలు నడచును. తుదకు అతడు శ్మశానమునందు తనతో తాను పెనగులాడి నశించును.

ఈ నవలను మేము మూడుమారులు చదివితిమి. మొదటిమారు యౌవనమున చదివినపుడు సీతారామారావుపై అసహ్యము కలిగెను. నడివయసున జాలి కలిగెను. ఇప్పుడు చదివినపుడు భయము కలిగినది. మన యిండ్లలో పెండ్లికి పొలమమ్మి పందిరి వేయించినవానిని, మొగమాటమునకు పరుల ప్రోనోటుపై హామీ సంతకము చేసి యిల్లు పోగొట్టుకొన్నవానిని, చేతిలో లేకున్నను చందా పట్టికలో పైవాని యంకె కంటె తక్కువ వేయుట కొప్పుకొననివానిని ఎరుగనివారెవరు? (చందాల మాట యెత్తినందులకు పోషకులు మమ్ము మన్నింతురు గాక, వారి యౌదార్యమును తక్కువ చేయుట మా యుద్దేశము కాదు.) గోపీచందుగారు అట్టివానిని వెక్కిరింపలేదు. ఆ దుర్బలత యెక్కడ పుట్టినదో వెదకి, అది తండ్రి కడపటి మాటలో పుట్టినట్లు చూపిరి. తన తండ్రి ప్రశ్న నిచ్చిపోయెను, సీతారామారావు తండ్రి యాజ్ఞ నిచ్చిపోయెను. ఆ రెండు దాయముల భేదమే యీ నవల యని మా యభిప్రాయము.

ధర్మవడ్డీ మొదలగు కథలయందును ఇదే చూపు గలదు. వడ్డీకి ముందు ధర్మమను మాటను చేర్చి సుఖముగ నిద్రించు భాష మన పల్లెలకు పరిచితమైనదే. ఆయన గ్రంథములన్నియు వాడుకభాషయందే యున్నవి. మేము సంచిక మర్యాద ననుసరించి గ్రాంథికమున వ్రాయుచున్నాము. ఆయన చూచిన నవ్వుకొని యుండెడివారేమో.

ఇక దర్శకత్వపు దినములు. 1950లో కృష్ణవేణిగారు ప్రధాన పాత్ర ధరించిన లక్ష్మమ్మ చిత్రమునకు ఆయన దర్శకులైరి. అదే సంవత్సరమున అదే కథను ఘంటసాల బలరామయ్యగారు శ్రీలక్ష్మమ్మకథ యను పేర తీసి పోటీకి దిగుటచే పత్రికలకు మంచి మేత దొరకినది. తరువాత 1951లో పేరంటాలు, 1952లో ప్రియురాలు వచ్చినవి. మన కొంగర జగ్గయ్యగారు తొలిసారి తెరమీద కనబడినది ఈ ప్రియురాలు చిత్రమునందే. ఆయన దర్శకత్వము వహించిన చిత్రములు మొత్తముమీద ధనమును తేలేదు సరిగదా, చేతనున్నదానిని గూడ ఊడ్చుకొనిపోయినవి. పురాణములను ఖండించిన కవిరాజుగారి కుమారుడు పేరంటాండ్ర పాతివ్రత్య గాథలను తెరకెక్కించుట వింతగా తోచవచ్చును. సినిమా నిర్మాతయొక్క కోరిక, జనులయొక్క రుచి, రచయితయొక్క మనస్సు ఒకే త్రాటిపై నడుచుట యరుదు. సినిమా రచయితగా ఆయన జీవితమున రైతుబిడ్డ వంటి సందర్భము మరల రాలేదని మాత్రము చెప్పవలసియున్నది. ఆ నష్టము చిత్రసీమదే.

1953లో ఆంధ్రరాష్ట్ర మేర్పడిన పిమ్మట ఆయన ప్రభుత్వ సమాచారశాఖలోను, తరువాత ఆకాశవాణిలోను ఉద్యోగము చేసిరి. ఈ కాలమునందే ఆయన దృష్టి పుదుచ్చేరివైపు మరలెను. ప్రాక్పశ్చిమ దేశముల దార్శనికులను తెలుగువారికి సులభశైలిలో పరిచయము చేయుచు తత్త్వవేత్తలు అను గ్రంథమును వ్రాసిరి. పోస్టు చెయ్యని ఉత్తరాలయందు తన సందేహములను తానే ముందు పెట్టుకొని చర్చించిరి. మార్క్సు, రాయ్, అరవిందులు - ఈ మూడు మజిలీలను లెక్కించి, ఆయన నిలకడ లేనివాడని యనువారు గలరు. మొదట చెప్పిన మనస్తాపము కూడ ఇందుండి పుట్టినదే.

మేము దీనితో ఏకీభవింపలేకున్నాము. తండ్రిగారి వాదమును ఉన్నదున్నట్లు వల్లించుచు కాలము గడిపిన యెడల ఆయనకు సభలలో పూలదండలకు లోటుండెడిది కాదు. కవిరాజుగారి కుమారుడన్న పేరు మాత్రమే చాలియుండెడిది. అట్లు చేయుట సీతారామారావు చేసిన పనియే యగును. తండ్రి మాటను అర్థము తెలియక మోయుట. గోపీచందుగారు తండ్రి చెప్పిన సమాధానములను గాక, తండ్రి నేర్పిన ప్రశ్నను తీసికొనిరి. హేతువు ఎంతవరకు పోగలదు, అది పోలేని చోటు గలదా యని యడిగిరి. ఆయనకు దొరకిన సమాధానము మనలో పలువురకు నచ్చకపోవచ్చును. మాకు గూడ ఆ యోగమార్గమున నమ్మకము లేదు. కాని అడుగుటకు ఆయనకు గల హక్కును కాదనినచో మనము కవిరాజుగారినే కాదన్నవారమగుదుము.

ఆయన చివరి కాలపు రచనలలో పేరుపొందినది పండిత పరమేశ్వరశాస్త్రి వీలునామా. బ్రాహ్మణ పాండిత్యముపై జీవితమంతయు యుద్ధము చేసినవారి కుమారుడు, ఒక బ్రాహ్మణ పండితుని పాత్రగా నెంచుకొని, ఆయన మనస్సునందలి ఘర్షణమును ఆదరముతో చిత్రించెను. ఇందును కొందరు తప్పుపట్టిరి. పరుని యింటిలోనికి తలవంచి ప్రవేశించి చూచుట నవలాకారుని ధర్మము. తన కులమువారి దౌర్బల్యమును అసమర్థునియందు నిర్దాక్షిణ్యముగ చూపినవారు, పరకులమువాని గొప్పతనమును ఈ గ్రంథమున నిస్సంకోచముగ చూపగలిగిరి. మొదటిది చేయనివారికి రెండవది చేతనైయుండెడిది కాదేమో.

1962 నవంబరు 2వ తేదీన గోపీచందుగారు స్వర్గస్థులైరి. అప్పటికి ఆయనకు ఏబదిరెండేండ్లు మాత్రమే. 1963వ సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడెమీ బహుమానము వీలునామాకు లభించెను. తెలుగు నవలకు ఆ బహుమానము వచ్చుట అదియే మొదలు. అందుకొనుటకు ఆయన లేరు.

తండ్రి గతించునాటికి పసివాడుగా నున్న కుమారుడు సాయిచందుగారు, రైతుబిడ్డ వచ్చిన నలుబది యేండ్ల తరువాత, తెలంగాణా రైతాంగ పోరాటమును చూపిన మాభూమి చిత్రమున నాయకపాత్ర ధరించిరి. కవిరాజుగారి స్మారకముగ 1987లో భారత తపాలా శాఖ తపాలా బిళ్ళను వెలువరించెను. కుమారుని శతజయంతి ముగిసిన యేడు, 2011లో, ఆయన పేరను గూడ బిళ్ళ వెలువడెను. ఉత్తరములు వ్రాసి పోస్టు చేయనివాని బొమ్మ తపాలా బిళ్ళపై నుండుట చూచినపుడు మాకు కొంచెము నవ్వు వచ్చినది.

పోషకులకు ఒక మనవి చేసి విరమింతుము. మన విద్యార్థి వసతిగృహములలో కవిరాజుగారి పటము లేనిది యరుదు. ఆ పటము క్రింద ఒక చిన్న బీరువా యుంచి, అందు అసమర్థుని జీవయాత్ర, వీలునామా, కథల సంపుటములు పది పది ప్రతులు పెట్టించినచో ఒక్క పెండ్లి విందునందు మిగిలి పారవేయు భోజనపు ఖర్చును మించదు. ఆ బీరువాకు తాళము వేయవలదని గూడ కోరుచున్నాము.